జీవకణం – నమూనా – వాస్తవికత

ఒక సాహిత్య విమర్శ పత్రికలో ఎర్ర రక్తకణం గురించి వ్యాసమేమిటని పాఠక మిత్రులు అడగవచ్చు. అడగడం సబబే. నా జవాబులో రెండు అంశాలున్నాయి. శాస్త్రీయ దృక్పథం గురించి మనం తరచు మాట్లాడతాం, తీర్మానాలు కూడా చేస్తాం. కాని శాస్త్రజ్ఞులు తమ పని ఎలా చేస్తారో, ముఖ్యంగా కంప్యూటర్ చేతికి వచ్చాక ఎలా చేస్తున్నారో తెలుసుకునే ప్రయత్నం మనలో తక్కువ. ఇది మొదటిది. వాస్తవికత గురించి, ప్రాతినిధ్య పాత్రల గురించి, వివరాల ఎంపిక గురించి మన విమర్శలో దశాబ్దాలుగా ఒక చర్చ నడుస్తున్నది. దానికి దగ్గరి చుట్టం లాంటి చర్చ జీవకణాల యాంత్రికతను లెక్కగట్టే శాస్త్రంలోనూ నడుస్తున్నది. ఇది రెండవది. అక్కడ ఆ చర్చ ఎలా తేలుతున్నదో చూడడం మనకు లాభమే.

ఈ సంగతి మీద నా దృష్టి పడడానికి కారణం మా రాయవరంలో కథల మీద పెట్టుకున్న ఒక చర్చ. ఒక విద్యార్థి రాసిన కథ చదివారు. ఏజెన్సీ నుంచి డెల్టాకు కోతలకు వచ్చిన కూలీ ఒకడు మిట్టమధ్యాహ్నం కీళ్లనొప్పులతో గట్టు మీద కూలబడతాడు. మేస్త్రీ అతన్ని పనిదొంగ అంటాడు. తరువాత ఆసుపత్రిలో సికిల్ సెల్ జబ్బు అని తేలుతుంది. ‘అంతా పుట్టుకతోనే రక్తంలో రాసిపెట్టి ఉంది’ అన్న భావంతో కథ ముగుస్తుంది. ఇది విధివాదమని ఒకరు విమర్శించారు. జబ్బు వంశపారంపర్యమే కదా, ఇది విధి కాదు శాస్త్రం అని మరొకరు సమర్థించారు. వాదన అక్కడే ఆగిపోయింది. నిజానికి ఇక్కడ ప్రశ్నలు రెండున్నాయి. రక్తంలో రాసి ఉన్నది ఏమిటి? అది ఏ పరిస్థితులలో నొప్పిగా మారుతుంది? మొదటిదానికి జన్యుశాస్త్రం జవాబు చెబుతుంది. రెండవదానికి జవాబు కణం యాంత్రికతలో వెదకాలి.

ముందు ఆరోగ్యంగా ఉన్న కణం సంగతి చూద్దాం. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో గదులను చూసి వాటికి ‘సెల్’ అని పేరు పెట్టారు. మొక్కలూ జంతువులూ కణాలతోనే నిర్మితమైనవని 1838-39లలో ష్లైడెన్, ష్వాన్ సూత్రీకరించారు. శక్తి పరివర్తన నియమం, డార్విన్ పరిణామ సిద్ధాంతం – వీటితో పాటు కణాన్ని కనుగొనడాన్ని కూడా ఎంగెల్స్ 19వ శతాబ్దపు మూడు గొప్ప ఆవిష్కరణలలో చేర్చారు. అయితే ఆ తరువాత చాలాకాలం కణాన్ని ప్రధానంగా ఒక రసాయనశాలగానే చూశారు. జీవుల ఆకారాలను వాటి మీద పనిచేసే బలాల ఫలితంగా కూడా చూడాలని డార్సీ థాంప్సన్ 1917లో వాదించారు. కణం వంపు, సాగుడు, బిగువు నిజంగా లెక్కల్లోకి రావడానికి ఇంకా అర్ధశతాబ్దం పట్టింది.

ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 8 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. ఆ కణం దూరవలసిన కేశనాళికలు కొన్ని అంతకన్నా సన్నగా ఉంటాయి. ప్లీహంలోనైతే ఒక మైక్రాన్ మోస్తరు వెడల్పున్న సందుల్లోంచి జారి బయటపడాలి. సుమారు 120 రోజుల ఆయుష్షులో దానికి మళ్లీ మళ్లీ ఇదే పరీక్ష. ఎలా నెగ్గుతుంది? ధాన్యం కూరి కుట్టేసిన బస్తాను ఇరుకు సందులోంచి తోయలేము. సగం నింపిన బస్తా అయితే ఎటు కావాలంటే అటు ఒదుగుతుంది. ఎర్ర రక్తకణం సగం నింపిన బస్తా లాంటిది. లోపలి పదార్థాన్ని బంతిలా చుట్టడానికి ఎంత పొర కావాలో అంతకన్నా సుమారు 40 శాతం ఎక్కువ పొర దానికి ఉంది. నడుమ నొక్కిన బిళ్లలా కనిపించే దాని ఆకారం, పొరను వంచడానికి అతి తక్కువ శక్తి అవసరమయ్యే ఆకారమని 1970లో పీటర్ కాన్‌హామ్ లెక్క కట్టి చూపారు.

ఆ పొరలో రెండు భాగాలున్నాయి. పైన కొవ్వు అణువుల రెండు వరసల పొర. దాని లోపలివైపున స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్ దారాలతో అల్లిన వల. మా గోదావరి పాయల్లో విసిరే వలలాగే దానికీ ముడులున్నాయి, కన్నులున్నాయి. లాగితే కన్నులు సాగుతాయి, వదిలితే పూర్వరూపానికి వస్తాయి. కంప్యూటర్ నమూనా చేసేవారు ఈ వలనే లెక్కలోకి దించుతారు. ప్రతి ముడినీ ఒక బిందువుగా, ప్రతి దారాన్నీ ఒక స్ప్రింగుగా తీసుకుంటారు. పొర వంగడానికి ఎంత మొరాయిస్తుందో ఒక అంకె, దాని వైశాల్యం మారకుండా ఒక నిబంధన, లోపలి పరిమాణం మారకుండా మరొక నిబంధన. చుట్టూ ఉన్న రక్తద్రవాన్ని కూడా చిన్న చిన్న ముద్దలుగా విడగొట్టి, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, ఈడ్చుకుంటూ పోయేటట్లు సూత్రాలు రాస్తారు. ఇక కంప్యూటర్ పని మొదలవుతుంది. ఈ క్షణంలో ప్రతి బిందువు మీదా పడుతున్న బలం ఎంత, ఆ బలం వల్ల మరుక్షణంలో అది ఎక్కడ ఉంటుంది – ఈ రెండే ప్రశ్నలు. ఆ క్షణం సెకనులో అతి సూక్ష్మమైన భాగం. లక్షలసార్లు ఈ లెక్క తిరిగితే కణం నాళంలో ఒదుగుతూ కదిలిపోవడం తెర మీద కనిపిస్తుంది.

కనిపించినంత మాత్రాన నిజమైపోదు. ఇక్కడే ఈ శాస్త్రంలోని నిజాయితీ ఉన్నది. నిజమైన కణానికి రెండు చివరల సూక్ష్మమైన పూసలు అంటించి, లేజర్ కాంతిని పటకారులా వాడి దాన్ని సాగదీస్తారు. లాగే బలం దాదాపు 200 పికోన్యూటన్ల వరకు ఉంటుంది, అంటే గ్రాములో సుమారు 5 కోట్లవంతు బరువు. ఈ కాంతి పటకారును రూపొందించిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎంత లాగితే నిజమైన కణం ఎంత సాగిందో, నమూనాలోని కణం కూడా అంతే సాగాలి. సాగకపోతే నమూనాను దిద్దుకోవాలి.

ఇప్పుడు మన చర్చకు చుట్టమైన విషయానికి వస్తాను. స్పెక్ట్రిన్ వలలో ముడికొక బిందువు చొప్పున పెడితే ఒక్క కణానికే 20 వేలకు పైగా బిందువులు కావాలి. అలాంటి కణాలు వందలు కలిసి ప్రవహించే రక్తాన్ని లెక్క కట్టాలంటే ఎంత పెద్ద కంప్యూటరైనా బరువెక్కుతుంది. 2008లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన పివ్‌కిన్, కార్నియడాకిస్ ఒక మార్గం చూపారు. బిందువులను 500కు తగ్గించినా కణం సాగుడులో, వంపులో పెద్ద తేడా రాకుండా చేయవచ్చన్నారు. అయితే ఒక షరతు. కొన్ని బిందువులను తీసేసి ఊరుకుంటే కుదరదు. మిగిలిన ప్రతి స్ప్రింగు బిగువునూ మళ్లీ లెక్కవేసి, వదిలేసిన వాటి భారం అది మోసేటట్లు చేయాలి.

వివరాలన్నీ గుది గుచ్చితే వాస్తవికత వస్తుందనుకునే రచనకూ, సారాన్ని ఎంచి చూపే రచనకూ ఉన్న భేదం మన విమర్శకు కొత్త కాదు. ఒక్కొక్క ఎర్ర రక్తకణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులున్నాయి. వాటన్నిటినీ పరమాణువుతో సహా లెక్కలోకి తెచ్చామనుకుందాం. అప్పుడు మన చేతిలో ఉండేది కణానికి నకలు. కణం ఎందుకు వంగిందో ఆ నకలు చెప్పదు. 500 బిందువులున్న నమూనా చెబుతుంది. కాని దానికి కూడా హద్దున్నది. స్పెక్ట్రిన్ దారం ఒకటి ఎలా తెగుతుందని ఆ నమూనాను అడగకూడదు. ఆ దారం అందులో లేదు. కథలో ఒక రైతు కూలీని నిలబెట్టి వెయ్యిమంది రైతు కూలీల గురించి చెప్పదలచుకున్న రచయితకూ ఇదే షరతు వర్తిస్తుందని నేననుకుంటాను. వదిలేసిన 999 మంది భారం ఆ ఒక్కని మీద పడాలి. ఏ ప్రశ్నకు అతను ప్రతినిధి కాడో కూడా రచయితకు తెలిసి ఉండాలి.

ఇక కొడవలి కణం. మన కవిత్వంలో కొడవలి కోతకూ, పోరాటానికీ గుర్తు. వైద్యంలో ఆ పేరు మరో అర్థంతో వచ్చింది. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను వర్ణించారు. ఇది హీమోగ్లోబిన్ అణువులోని తేడా వల్ల వచ్చే జబ్బని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది. 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరో స్థానాన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉండడమే ఆ తేడా అని 1956-57లలో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఈ మార్పు సంక్రమిస్తే జబ్బు వస్తుంది. ఒకరి నుంచే వస్తే సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. రక్తంలో రాసి ఉన్నది ఇంతే.

అది నొప్పిగా ఎప్పుడు మారుతుంది? ప్రాణవాయువును వదిలేసిన తరువాత ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి. కొబ్బరిపీచుతో తాడు పేనినట్లు 14 పోగులు కలిసి ఒక తాడుగా పేనుకుంటాయి. ఆ తాళ్లు లోపలినుంచి పొడుచుకు వచ్చి కణాన్ని బిగదీస్తాయి. సగం నింపిన బస్తాలో కర్రలు కుక్కినట్లవుతుంది. అయితే ఈ పేనుడు వెంటనే మొదలుకాదు, కొంత ఆలస్యం ఉంటుంది. ద్రావణంలో చేసిన ప్రయోగాలలో హాఫ్రిక్టర్, రాస్, ఈటన్ 1974లో ఒక ఆశ్చర్యకరమైన సంబంధాన్ని కనుగొన్నారు. హీమోగ్లోబిన్ గాఢత పెరిగే కొద్దీ ఈ ఆలస్యం గాఢత యొక్క సుమారు 30వ ఘాతం చొప్పున తగ్గిపోతుంది. ఆ లెక్కన గాఢత 10 శాతం పెరిగితే, ఆలస్యం దాదాపు పదిహేడోవంతుకు పడిపోతుంది.

కణం కేశనాళికను దాటడానికి పట్టేది ఒక సెకను మోస్తరు కాలం. ఆలస్యం అంతకన్నా ఎక్కువైతే, కణం బిగుసుకోకముందే ఇరుకు దాటేసి, ఊపిరితిత్తులకు చేరి మళ్లీ ప్రాణవాయువు పుచ్చుకుంటుంది. తక్కువైతే ఇరుకులోనే బిగుసుకుంటుంది. ఈ ఆలస్యమే లేకపోతే రోగి శరీరంలోని కణాలు దాదాపు అన్నీ కొడవళ్లయ్యేవనీ, దానివల్లనే ఎక్కువ కణాలు తప్పించుకుంటున్నాయనీ 1987లో మొజరెల్లి, హాఫ్రిక్టర్, ఈటన్ చూపారు. అంటే ఈ జబ్బులో రోజూ జరుగుతున్నది రెండు కాలాల మధ్య పందెం. ఎండలో నీళ్లు లేక కణంలో నీరు తగ్గితే గాఢత పెరుగుతుంది, పందెం తారుమారవుతుంది. శక్తికి మించిన శ్రమ, చలి, జ్వరం, ఎత్తైన ప్రదేశం కూడా నొప్పిని రేపగలవు. పరిమాణంలో వచ్చిన చిన్న మార్పు గుణాత్మక మార్పుగా ఎలా మారుతుందో ఉపన్యాసాలలో నీళ్లు ఆవిరి కావడం ఉదాహరణగా వింటూ వచ్చాం. ఇక్కడ అది ఒక కూలీ మోకాలిలో జరుగుతున్నది. చర్చలో ఆగిపోయిన వాదనకు ఇదీ సమాధానం. జన్యువులో రాసి ఉన్నది ఒక అవకాశం మాత్రమే. అది నొప్పి అయ్యే సమయాన్ని నిర్ణయించే వాటిలో మంచినీళ్ల కుండ ఎంత దూరాన ఉన్నదనేది కూడా ఒకటి.

కంప్యూటర్ నమూనాలు దీనికి మరొక మెలకువ కలిపాయి. గట్టిపడిన కొడవలి కణాలే పోయి నాళానికి అడ్డంపడతాయని ఎవరైనా అనుకుంటారు. 2013లో హువాన్ లెయ్, కార్నియడాకిస్ రకరకాల బిగువు గల కణాలను నమూనా నాళంలో పారించి చూశారు. మొదట గోడకు అతుక్కునేది వంగగల, జిగురు ఎక్కువ గల కణాలు. వాటి వెనుక గట్టి కణాలు చిక్కుకుని దారి మూసేస్తాయి. కాలువలో మొదట కొన్ని తీగలు రేవు రాళ్లకు పట్టుకుంటే, వెనుక కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, దుంగలు అక్కడ పేరుకుని ప్రవాహం ఆగినట్లే. అంతకుముందు జంతువుల రక్తనాళాలలో చేసిన ప్రయోగాలు కూడా ఇటువైపే చూపాయి. నమూనా చేసిన మేలేమిటంటే, ఏ బలం ఎంత ఉంటే దారి మూసుకుంటుందో విడివిడిగా మార్చి చూడనిచ్చింది. బతికున్న మనిషిలో అలా చూడలేము.

కొడవలి కణానికి చరిత్ర కూడా ఉన్నది, ఆ చరిత్ర మన ప్రాంతాలకు దూరమైనది కాదు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికింద్రాబాదులో. ఆ పరాన్నజీవులలో ప్రమాదకరమైన రకం ప్రవేశిస్తే ఎర్ర రక్తకణం బిగువు చివరి దశలో పదిరెట్ల వరకు పెరుగుతుందని 2005లో సుబ్ర సురేష్ బృందం కాంతి పటకారుతో కొలిచి చెప్పింది. ఆయన మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలో పనిచేసిన ఇంజనీరు. లోహాల బలహీనతలు లెక్కగట్టే విద్య ఆ విధంగా రక్తకణానికి పనికివచ్చింది. రక్తానికి సంబంధించిన కొన్ని వంశపారంపర్య మార్పులు మలేరియా నుంచి రక్షణ ఇవ్వడం వల్ల నిలిచి ఉండవచ్చని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ ఊహించారు. సికిల్ సెల్ మార్పు ఒక్కరి నుంచే పొందిన వారికి అలాంటి రక్షణ ఉన్నదని 1954లో ఆంథొనీ అలిసన్ చూపారు. ఈ హాల్డేన్ మార్క్సిస్టు. 1957లో భారతదేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో మరణించే వరకు ఇక్కడే పనిచేశారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులు. సికిల్ సెల్ మార్పు మన దేశంలో మొదట 1952లో నీలగిరి గిరిజనులలో నమోదైంది. గోదావరి ఏజెన్సీలోని కోయ, కొండరెడ్డి ప్రజలలోనూ అది ఉన్నది. మన్యం జ్వరం తరతరాలుగా పీడించిన అడవుల చరిత్ర ఈ కణం వంకరలో ఉన్నదన్నమాట. దీన్ని శాపమనడం అజ్ఞానం, ఒక జాతి లోపమనడం అంతకన్నా పెద్ద అజ్ఞానం.

ఇంతవరకూ కణాన్ని బస్తాతో, వలతో, తాడుతో పోల్చాను. ఈ పోలికలన్నీ ప్రాణం లేని వస్తువులవి. కణం కేవలం యంత్రమేనా అని ఇక్కడ ప్రశ్న రావాలి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్ర రక్తకణం పొర ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉంటుంది. చుట్టూ ఉన్న అణువుల తాకిడి వల్ల ఏ పొర అయినా వణుకుతుంది కనుక అంతకు మించి ఏమీ లేదని చాలాకాలం వాదించారు. కాదు, కణం తన శక్తిని ఖర్చు చేసి కూడా వణుకుతున్నదని 2016లో యూరప్ శాస్త్రజ్ఞుల బృందం ఒకటి ప్రయోగాన్నీ, నమూనానూ జతచేసి నిరూపించింది. ఆ శక్తినిచ్చే పదార్థం ఎ.టి.పి. దాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సమయంలో జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నారు. ఎ.టి.పి. అడుగంటితే ఎర్ర రక్తకణం తన ఆకారాన్నే నిలుపుకోలేదు. వలకు జాలరి కావాలి. కణంలో జాలరి వేరే లేడు, వలే తనను తాను సవరించుకుంటూ ఉంటుంది. నిశ్చలమైన స్ప్రింగులతో కట్టిన నమూనా ఈ వణుకు దగ్గర ఓడిపోయింది. ఆ ఓటమి వల్లనే కణం పని గురించి కొత్త సంగతి తెలిసింది.

చివరగా హద్దుల ప్రశ్న. నమూనా కట్టేవారు ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. నాళంలోకి రక్తం ఇంత ఒత్తిడితో వస్తున్నదని మొదటే అనుకుంటారు. ఆ మనిషి ఎన్ని గంటలు ఎండలో ఉన్నాడు, ఏమి తిన్నాడు, కూలి పోతుందని నొప్పిని ఎంతసేపు దాచుకున్నాడు – ఇవి గీతకు అవతల ఉంటాయి. ఇది తప్పు కాదు. గీతకు అవతల ఏమీ లేదనుకోవడం తప్పు. హీమోగ్లోబిన్ పోగులు పేనుకోకుండా అడ్డుకునే వొక్సెలోటర్ అనే మందుకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. కణం లెక్కలో అది సరైన ఆలోచనే, రక్తహీనత కూడా తగ్గింది. కాని రోగులలో నొప్పి సంక్షోభాలు, మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2024 సెప్టెంబరులో తయారీదారులే దాన్ని ప్రపంచమంతటా ఉపసంహరించుకున్నారు. కణం మనిషి శరీరంలో ఉన్నది, మనిషి సమాజంలో ఉన్నాడు. ఒక మెట్టు మీద నిజమైనది పై మెట్టు మీద తనంత తానుగా నిజం కాదు.

మన దేశంలో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది. 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని, గిరిజన ప్రాంతాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు జరపాలని లక్ష్యం పెట్టుకున్నారు. హైడ్రాక్సీయూరియా అనే పాత మందు పోగుల పేనుడును ఆలస్యం చేస్తుంది. రోగులకు మామూలుగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనుక సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ ప్రయోగశాల కృషి ఉన్నది. ఇవి గూడెంలో ఉన్న మనిషికి నెలనెలా అందుతున్నాయా లేదా అనేది ఏ కణం నమూనా లెక్కకూ అందదు. రచయితలు పట్టించుకోవలసిన ప్రశ్న అది.

శాస్త్రం నుంచి మనం ఉపమానాలు అరువు తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నది. దాని పద్ధతి నుంచి కూడా కొంత తెచ్చుకోవాలని నా సూచన. నమూనా కట్టినవారు తాము దేన్ని తీసుకున్నారో, దేన్ని వదిలారో, దేనితో పోల్చి సరిచూశారో తమ వ్యాసంలోనే రాస్తారు. ఒక కథ మీద చర్చ జరిగేటప్పుడు మనం కూడా ఈ మూడు ప్రశ్నలూ వేసుకోవచ్చు. సాహిత్యానికి ఈ కొలత చాలదని, పాత్రను బిందువుతో పోల్చడమే పొరపాటని అనేవారుంటారు. వారి వాదన కూడా ఈ పత్రికలో చదవాలని నాకు ఉన్నది. ఆసక్తి గల మిత్రులు రాయాలి.